నెత్తురు రాని నోరు

మొన్న చిన్నావిడ ఒక్కతే వచ్చింది. మేడమెట్లు ఎక్కి, ఎప్పుడూ కూర్చునే బల్ల మీద ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. పక్కన ఒక మనిషికి సరిపడా జాగా వదిలింది. ఎవరో పెద్దాయన అక్కడ కూర్చోబోతే "మనిషున్నారు" అంది. ఆయన చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. అయినా పోయి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

నేను తలుపు తీసి, "ఏటమ్మా, ఆవిడ రాలేదా?" అన్నాను.

"పోనాది బాబూ. దినాలు కూడా అయిపోనాయి," అంది. తర్వాత పక్కనున్న ఖాళీ జాగా వైపు చూసి, కిటికీ దగ్గరున్న పెద్దాయనతో, "వచ్చి కూకో" అంది.

చోడవరం బస్టాండు వెనక సందులో, ఎరువుల షాపు మేడ మీద నాది పళ్ళ ఆసుపత్రి. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మందికి నేను గుర్తుండను, నాకు వాళ్ళ నోరు తప్ప మొహం గుర్తుండదు. పోయిన ఆ పెద్దావిడ సంగతి వేరు. ఆవిడ నోరు ఎలాంటిదో మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు.

ఇద్దరూ తోడికోడళ్ళు. రోలుగుంట రోడ్డులో వాళ్ళ ఊరు. అన్నదమ్ములిద్దరూ పోయారు, ఇల్లు మిగిలింది, ఇంటి మధ్యలో నడుమెత్తు గోడ ఒకటి మిగిలింది. చెరకు చేను ఉమ్మడి, పొయ్యిలు వేరు. ఇద్దరికీ మాటల్లేవు. ఎందుకని అడిగితే పెద్దావిడ పనసకాయ అనేది, చిన్నావిడ కోడిపెట్ట అనేది. మాటల్లేవంటే మాట్లాడుకోరని కాదు. పొద్దు లేచిన దగ్గర్నుంచి మాట్లాడుకుంటూనే ఉండేవారు, కాకపోతే మధ్యలో ఇంకో ప్రాణి ఉండాలి. ఇంట్లో అయితే ఆవు. ఆటోలో అయితే డ్రైవరు. నా ఆసుపత్రిలో అయితే నేను. ఆవు కంటే నేనే కొంచెం తొందరగా విసుక్కుంటానని ఒకసారి పెద్దావిడ అన్నది.

మొదటిసారి జబ్బు చిన్నావిడదే. పళ్ళు తోముకుంటే నెత్తురు కారుతోందని వచ్చింది. పెద్దావిడ తోడుగా వచ్చి, లోపలికి రానని గుమ్మంలో నిలబడింది. పెదాలు మూసుకుని ఉంది, ముక్కులోంచి సన్నగా పొగ వస్తోంది. అడ్డపొగ సంగతి మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళు చెప్పినా నమ్మరు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూసేస్తారు. గాలికి ఆరదు, బూడిద చీర మీద రాలదు, ఊడుపులప్పుడు రెండు చేతులూ పనికి ఖాళీ. ఆవిడ ఆ నిప్పు నోట్లో ఉండగానే మాట్లాడేది, తిట్టేది, నవ్వేది కూడా. ఎవరైనా పెద్దవాళ్ళు ఎదురైతే మాత్రం చుట్ట తీసి, వేళ్ళతో కొస నలిపి, రొంటిన దోపుకునేది. నన్ను చూసి తియ్యలేదు. నేనెంత పెద్దవాడినో అప్పుడే అర్థమైంది.

"ఆవిడికి నెత్తురు కారతాది. తిండి సాలక," అంది గుమ్మంలోంచే. "నాకు సూడు బాబూ. బుద్దెరిగిన కాడ్నుంచి సుక్క రానేదు." చుట్ట తీసి, చూపుడు వేలితో చిగుళ్ళని గట్టిగా రుద్ది, ఆ వేలు నాకు చూపించింది. నిజమే, ఎర్రమచ్చ కూడా లేదు. "సుట్ట కాలిస్తే సిగుళ్ళు గట్టిపడతాయి. ఆవిడికి సెప్పు, ఇంటాదేమో."

"ఆ కంపు కంటే నెత్తురే నయమని సెప్పు బాబూ," అంది కుర్చీలో పడుకుని నోరు తెరిచి ఉన్న చిన్నావిడ. నోరు తెరుచుకుని అంత స్పష్టంగా మాట్లాడినవాళ్ళని నేను మళ్ళీ చూడలేదు.

చిన్నావిడ పని అయ్యాక, "మీరూ ఒకసారి కూర్చోండమ్మా" అన్నాను. నెత్తురు రాని నోరు ఎలా ఉంటుందో నాకు చూపించే అవకాశం వచ్చిందని ఆవిడ ధీమాగా ఎక్కి కూర్చుంది.

మా దగ్గర సన్నటి సలాక ఒకటి ఉంటుంది. మొన మొద్దుగా ఉంటుంది, మీద కొలత గీతలు ఉంటాయి. దాన్ని పంటికీ చిగురుకీ మధ్య మెల్లిగా దించుతాం. మంచి చిగురు దాన్ని రెండు మూడు మిల్లీమీటర్ల దగ్గర ఆపేస్తుంది. జబ్బు చిగురు ఆపదు, రానిచ్చి కూర్చోబెడుతుంది. చిన్నావిడ చిగుళ్ళు ఎర్రగా ఉబ్బి, ముట్టుకుంటే నెత్తురు పెట్టాయి గాని, సలాక నాలుగు దాటలేదు. పెద్దావిడ చిగుళ్ళు చూడ్డానికి రాయిలా ఉన్నాయి. సలాక ఆరు దాటింది, ఏడు దాటింది. నెత్తురు మాత్రం నిజంగానే లేదు. కింద ముందుపళ్ళు వేలితో నెడితే ఊగాయి. ఎక్స్‌రే తీస్తే వాటి కింద ఎముక చాలావరకు కరిగిపోయి ఉంది. అంగిలి కూడా చూశాను. పొగకి తెల్లబారి మందంగా ఉంది గాని, నేను భయపడ్డ కేన్సరు పుండేదీ అప్పటికి లేదు. అలాంటిది వచ్చేలోగా మానాలని చెప్పాను.

"నెత్తురు రాకపోవడం బలం కాదమ్మా," అన్నాను. "పొగ నెత్తుటి నాళాల్ని బిగబట్టేస్తుంది. జబ్బు లోపల దాని పని అది చేసుకుపోతుంది. బయటికి ఆనవాలు ఉండదు."

"నా నోరు నాకు తెలీదా?" అంది. ఇది ఆవిడ ఊతపదం. చేను గురించీ, కొడుకుల గురించీ, వాన గురించీ కూడా ఇదే మాట అనేది.

ఇక్కడ మా శాస్త్రం గురించి కొంచెం చెప్పాలి. చిగుళ్ళ జబ్బుల్ని ఎలా విడదియ్యాలన్నది మా పెద్దలకి తీరని సరదా. నేను కాలేజీలో ఉండగా ఒక పద్ధతి బట్టీ పట్టించారు. పాసై బోర్డు కట్టుకునేసరికి పెద్దలంతా కూర్చుని దాన్ని తీసేసి వేరేది పెట్టారు. ఈ కబురు చిగుళ్ళకి అందలేదు కాబట్టి అవి ఎప్పట్లాగే వాస్తున్నాయి. ఇప్పటి పద్ధతిలో, వాపు చిగురు దాటకపోతే అదొక జబ్బు, శుభ్రం చేస్తే తగ్గిపోతుంది. ఎముక తినడం మొదలైతే ఇంకో జబ్బు. ఎముక ఎంతవరకు పోయిందో చెప్పడానికి స్టేజిలు, ఒకటి నుంచి నాలుగు. ఎంత జోరుగా పోతోందో చెప్పడానికి గ్రేడులు, ఏ, బి, సి. చుట్ట కాల్చినా, సుగరు ఉన్నా గ్రేడు కిందికి జారుతుంది.

మా నర్సుకి రాసుకోమని చెప్పాను. చిన్నావిడకి ఎముక కొంచెమే పోయింది కాబట్టి స్టేజి రెండు, సుగరున్నా మాత్రలతో అదుపులో ఉంది కాబట్టి గ్రేడు బి. పెద్దావిడకి స్టేజి మూడు, గ్రేడు సి.

"ఏటది, సి అంటే?" అంది పెద్దావిడ.

నేను వివరించాను. రోగికి అన్నీ వివరించాలని మాకు కాలేజీలో నేర్పారు. నేర్పినవాళ్ళెవరికీ తోడికోడళ్ళు లేరనుకుంటాను.

"ఆవిడికేటి?"

"బి."

పెద్దావిడ మెడకి కట్టిన గుడ్డ తీసి నా చేతిలో పెట్టింది. "మా మనవరాలికి బళ్ళో కూడా సి రానేదు బాబూ," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. చిన్నావిడ వెళ్తూ వెళ్తూ మా నర్సుతో, "ఆ కాయితం మీద బి అని కొంచెం పెద్దగా రాయమ్మా, నాకు సూపు ఆనదు" అంది.

కొన్నాళ్ళకి పెద్దావిడ చెరకు గెడ ఒకటి పట్టుకుని మెట్లెక్కింది. వెనకే చిన్నావిడ. హాల్లో జనం ఉన్నారు. వాళ్ళందరి ముందూ నిలబడి, "ఎముక పోనాదన్నావు కదా, సూడు" అని గెడ నోట పెట్టి చర్రుమని పెచ్చు లాగింది. నమిలింది. పిప్పి చేతిలోకి ఊసింది. జనం నా వైపు చూశారు. అప్పుడు ఓటేస్తే నాకు డిపాజిట్టు కూడా దక్కేది కాదు.

చిన్నావిడ ఫ్యాను వైపు చూస్తూ, "ముందుపళ్ళతో కొరకమని సెప్పు బాబూ" అంది.

నేనూ అప్పుడే గమనించాను. పెచ్చు లాగింది ఎడమపక్క పళ్ళతో. ముందుపళ్ళకి గెడ తగలకుండా మెడ వాల్చడం కూడా అలవాటైపోయినట్టుంది.

"అవి కదులుతన్నాయని ఆవిడికెలాగ తెలుసో అడుగు," అంది పెద్దావిడ.

"గోడవతల మనిషి బువ్వ ఏ పక్క నముల్తాదో ఇవతల మనిషికి కనబడదా అని సెప్పు."

పెద్దావిడ గెడ గోడకి ఆనించి లోపలికి వచ్చింది. తలుపు నన్నే వెయ్యమంది. కుర్చీ ఎక్కలేదు, నిలబడే మాట్లాడింది. వాళ్ళ ఊళ్ళో ఎవరి చేనైనా సరే, గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి కొట్టడానికి ముందు ఒక గెడ ఆవిడకి ఇచ్చేవారట. మొదలు కొరికి, మధ్య కొరికి, చివర కొరికి, తీపి చూసి, ఇది కొట్టొచ్చు, ఇది ఇంకొన్నాళ్ళు ఆగాలి అని చెప్పేదట. మొగుడు పోయాక, కొడుకులు గాజువాకలో ఉద్యోగాలకి పోయాక, ఆవిణ్ణి చేలోకి పిలిచేది అందుకే.

"ఈ పళ్ళు ఊడిపోతే నన్నెవులు పిలుస్తారు బాబూ? గట్టు మీద కూకోబెట్టీసి టీ ఇత్తారు," అంది. ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడటం నేను వినడం అదే మొదలు. నాకు నిజంగా జాలేసింది.

"స్టేజి మారదమ్మా. పోయిన ఎముక రాదు. లోపల శుభ్రం చేసి, మీరు చుట్ట మానేస్తే ఉన్నది నిలబెట్టొచ్చు. పళ్ళు కొన్నాళ్ళు దక్కుతాయి."

"గ్రేడో?"

"మానేసి నిలబడితే అది మార్చొచ్చు."

"బి యిత్తావా?"

"ఇస్తాను."

ఆవిడ చేత చుట్ట మానిపించాలని మొగుడు బతికుండగా తిట్టి చూశాడట. కొడుకులు అలిగి చూశారు. టీవీలో రోజూ భయపెట్టే బొమ్మలు చూపించారు, ఆవిడ ఆ బొమ్మలు చూస్తూనే ఇంకోటి ముట్టించేది. అలాంటి మనిషి ఒక అక్షరానికి లొంగింది. కొన్నిసార్లు పిలిపించి, చిగుళ్ళ లోపల పేరుకున్న గార అంతా తీశాను. వచ్చినప్పుడల్లా రొంటిన తడిమి చూసుకునేది గాని, అక్కడ ఏమీ ఉండేది కాదు. విశాఖపట్నంలో మా డాక్టర్ల మీటింగు ఒకటి జరిగితే నేను లేచి ఈ సంగతి చెప్పాను. రోగికి జబ్బు వర్గీకరణ అర్థమయ్యేలా చెబితే ఎంత ఫలితం ఉంటుందో అని ఉదాహరణగా చెప్పాను. చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు చెవిలో ఉండగానే పెద్దావిడ హాల్లోకి వచ్చి తుండుగుడ్డ విప్పింది. మీద నెత్తుటి మరకలు.

"నా నోరు పాడు సేసీసినాడు! బంగారం లాంటి నోరు! సుట్ట కాలిసినన్నాళ్ళూ సుక్క రానేదు. మానీమన్నాడు, మానీసేను. ఇప్పుడు సూడండి, కత్తిపీట మీద కోడిని కోసినట్టు!"

హాల్లో ఉన్న ఇద్దరు ముగ్గురు లేచి చెప్పులు వెతుక్కున్నారు. నేను చెప్పవలసిందంతా చెప్పాను. పొగ బిగబట్టిన నాళాలు ఇప్పుడు వదులయ్యాయి, ఇన్నాళ్ళూ దాగున్న వాపు ఇప్పుడు బయటపడుతోంది, బాగా తోముకుంటే తగ్గిపోతుంది, ఇది చెడు కాదు అన్నాను. పుస్తకంలో అక్షరం పొల్లుపోకుండా ఉన్న మాటలే. నెత్తురు కనబడుతుంటే పుస్తకం ఎవడు నమ్ముతాడు?

"సుట్ట ముట్టిత్తే ఆగిపోద్ది. ఇప్పుడే ముట్టిత్తాను," అంది ఆవిడ.

అప్పుడు బల్ల మీద కూర్చున్న చిన్నావిడ, ఫ్యాను వైపు కూడా చూడకుండా నేల వైపు చూస్తూ, "ఆవిడికి సెప్పు బాబూ," అంది. "నాకూ మొదట్లో ఇలాగే కారింది. రోజూ తోముకుంటే ఆగిపోనాది. ఆవిడిదీ ఆగిపోద్ది. బయపడొద్దని సెప్పు."

నేను చెప్పక్కర్లేకుండానే పెద్దావిడ వింది. తుండుగుడ్డ మడిచింది.

"నానేటి అడిగేనా అని అడుగు," అంది, కాని కూర్చుంది. చిన్నావిడ పక్కనే, వదిలి ఉంచిన జాగాలో.

ఆ తర్వాత చాలాకాలం నా ఆసుపత్రి పల్చగా నడిచింది. చుట్ట మానేస్తే చిగుళ్ళు కరిగిపోతాయని రోలుగుంట నుంచి దేవరాపల్లి దాకా కబురు పాకింది. చుట్టలమ్మే షాపాయన బజార్లో ఎదురైతే మహా మర్యాదగా నమస్కారం పెట్టేవాడు. పెద్దావిడ మాత్రం చెప్పిన రోజుకి వచ్చేది. కుర్చీ ఎక్కుతూనే "రాసుకోమ్మా" అని మా నర్సుకి తనే పురమాయించేది. సలాక దించుతుంటే నేను చెప్పే అంకెలన్నీ వినేది. ఆరు అయిదైతే కళ్ళు మూసుకునేది. అయిదు నాలుగైతే పాదాలు ఆడించేది. నెత్తురు తగ్గింది, తర్వాత ఆగింది. ఈసారి నిజంగానే ఆగింది. ముందుపళ్ళ ఊగుడు పూర్తిగా పోలేదు గాని, నిలబడ్డాయి.

ఏడాది తిరిగాక ఒక రోజు సలాక పక్కన పెట్టి, "గ్రేడు బి" అన్నాను.

"తలుపు తీ బాబూ," అంది.

తీశాను.

"ఇప్పుడు సెప్పు."

"గ్రేడు బి."

"అంత సిన్నగా సెప్తే బయట మనిషికి ఇనబడతాదా? ఆవిడికి సెవుడు కూడాను."

మూడోసారి బస్టాండుకి వినబడేలా చెప్పాను. బయట నుంచి చిన్నావిడ గొంతు, "నాకెప్పుడో వచ్చిందని సెప్పు బాబూ" అంది. పెద్దావిడ పగలబడి నవ్వింది. నిప్పు లేని నోటితో ఆవిడ నవ్వడం అప్పుడే పూర్తిగా చూశాను. ఆ పంటకాలం తెలిసినవాళ్ళ చేలన్నిట్లోనూ ముక్కలు కోయించుకుని మరీ నమిలి చెప్పిందట. గట్టు మీద ఎవరూ కూర్చోబెట్టలేదు.

ఇదీ నాకు తెలిసిన పెద్దావిడ. నా గ్రేడు చేత చుట్ట మానిన మనిషి అని నేను అందరికీ చెప్పుకున్నాను. మొన్న చిన్నావిడ కుర్చీలో పడుకుని నోరు తెరిచేదాకా అలాగే నమ్మాను.

నోరు తెరవగానే చుట్ట వాసన. అంగిలి ఎర్రగా కంది ఉంది. పాత పొగ కాదు, కొత్తది. "ఆ కంపు" అని జన్మంతా ముక్కు మూసుకున్న మనిషి.

"ఇదేటమ్మా?"

లేచి కూర్చుంది. "అది సుట్ట మానీసిన రోజున మూటెత్తి గోడ మీంచి ఇవతలకి ఇసిరీసింది బాబూ. ఇది దాసమని సెప్పు, నాను అడిగితే ఇవ్వొద్దని సెప్పు అని ఆవుతో అన్నాది."

"మీకెందుకు ఇచ్చింది?"

"కొడుకులకిత్తే జాలిపడి ఇచ్చీత్తారు. కోడళ్ళకిత్తే బయపడి ఇచ్చీత్తారు. నానయితే సచ్చినా ఇవ్వను కదా, అందుకు." కొంగుతో మూతి తుడుచుకుంది. "రోజూ పొద్దున్నే అడిగీది. ఆవిడ్ని ఒకటి ఇమ్మని సెప్పవే అని ఆవుతో అనీది. లేదని సెప్పవే అని నానూ ఆవుతోనే అనీదాన్ని. ఏడాది ఇదే పని మా ఇద్దరికీ."

మీటింగులో నాకు కొట్టిన చప్పట్లు గుర్తొచ్చాయి. సలాక ట్రేలో పెట్టేశాను.

"జొరం వచ్చింది బాబూ దానికి. కొడుకులు వచ్చీలోపల నానే గోడ దాటి ఎల్లి గంజి పోసేను. ఆ పూట ఆవు కేసి సూడలేదు. నా కేసే సూసింది. 'ఒసే, ఒక్కటియ్యే' అన్నాది." చిన్నావిడ కొంగు కొస వేలికి చుట్టుకుంది. "ఎన్నేళ్ళకో నాతో మాటాడినాది."

"ఇచ్చారా?"

"నేదు. అడిగితే ఇవ్వొద్దని అదే కదా సెప్పింది. మళ్ళీ బి పోతాదేమో అని కూడా బయమేసింది." కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. "ఇచ్చీవలసింది బాబూ. దానికింక సి అయితే ఏటి, బి అయితే ఏటి. దినాలయ్యాక మూట ఇప్పేను. అడిగే మనిషి నేదు, దాసి ఏటి సేత్తాను? ఒకటి ముట్టించేను. దగ్గొచ్చింది. మర్నాడు ఇంకోటి."

మాకు అంత పెద్ద వర్గీకరణ ఉంది, పెద్దలు కూర్చుని రాసింది. అందులో దీనికి గది లేదు. ఇలాగే కాలిస్తే మీకు సి అవుతుందమ్మా అని మాత్రం అన్నాను.

ఆవిడ సంచీలోంచి గుడ్డమూట తీసి నా టేబులు మీద పెట్టింది. చుట్టలు ఇంకా చాలానే ఉన్నాయి.

"నువ్వు దాసు బాబూ. నాను వచ్చి అడుగుతాను. ఇవ్వకు."

మూట తీసుకుని సొరుగులో పెట్టి తాళం వేశాను. ఆవిడ అది చూసి, తృప్తిపడి, చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్ళింది. మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగింది.

"జొరంలో అడిగితే మాత్రం ఇచ్చీ బాబూ," అంది.